పదకొండో బాణం

గోడ చూసి వెళ్ళిన పెద్దమనిషి గారికి,

కోట నగరం సందర్శకుల ఆఫీసు నుంచి నమస్కారాలతో రాస్తున్నాను. ఈ ఆఫీసుకి అధికారిణిని నేనే. గుమాస్తానీ నేనే, టిక్కెట్లు చింపేదీ నేనే. తోడుగా ఒక కాపలాదారు ఉన్నాడు గానీ, ఆయన్ని కాపలా కాయడానికి ఇంకొకరు కావాలి.

విషయం ఏమిటంటే, మొన్న శని ఆదివారాలు మీరు చేతికర్రతో కోటగోడ చుట్టూ నడిచారు. వచ్చినవాళ్ళంతా దక్షిణ ద్వారం దగ్గర ఫొటో దిగి, టీ తాగి, గంటలో వెళ్ళిపోతారు. రెండున్నర మైళ్ళ గోడని రెండుసార్లు చుట్టి వచ్చింది ఈ ఏడాదిలో మీరొక్కరే. పుస్తకంలో అభిప్రాయం రాయమంటే అందరూ పేజీలు నింపుతారు. మీరు మీ చిరునామా వేసి “గోడ చూశాను” అని మాత్రం రాశారు. దాని పక్కన నాలుగు వేళ్ళ ముద్రలున్నాయి, తెల్లగా, సుద్దతో.

సోమవారం పొద్దున చూద్దుము గదా, గోడ నిండా సుద్ద గుర్తులే. కొన్ని రాళ్ళ మీద సున్నాలు, కొన్నిటి మీద కొట్టివేతలు, అక్కడక్కడ బాణాలు. బాణాలు లెక్కపెడితే పదకొండు. వేలిముద్రలు మీవి కాబట్టి గీతలూ మీవే అనుకుంటున్నాను. కోటగోడ మీద రాయడం నేరమని దక్షిణ ద్వారం దగ్గరే పెద్ద అక్షరాలతో ఉంది. మీలాంటి పెద్దవారు ఇలా ఎందుకు చేశారో తెలుపగోరుతాను. మీ జవాబు వచ్చేదాకా తుడిపించకుండా ఆపుతున్నాను.

ఇట్లు,
సందర్శకుల ఆఫీసు అధికారిణి

తా.క.: మా ఆఫీసు గోడ మీద కూడా ఒక సున్నా పెట్టారు. మా కాపలాదారు అది నాకొచ్చిన మార్కు అంటున్నాడు. నిజమేనా?



ఆఫీసు అమ్మగారికి,

నమస్కారం. ఉత్తరం అందింది. గుర్తులు నావే. తప్పయితే మన్నించండి. చెయ్యి ఊరుకోదు.

తుడవకండి. బాణాల దగ్గర జనాన్ని నిలబడనివ్వకండి.

ఉంటాను,
చూసి వెళ్ళినవాడు

తా.క.: మీ ఆఫీసు గోడ మంచిది.

ఇంకో తా.క.: అక్కడ వాన పడిందా?



పూజ్యులైన మాస్టారికి,

మీ ఉత్తరం చదవగానే చెంపలు వేసుకున్నాను. జేబులో సుద్దముక్క పెట్టుకు తిరిగేవారు బడిపంతులు కాక ఇంకెవరవుతారు? ఆ మాత్రం తోచలేదు నాకు. సున్నా చుట్టిన చోట ఆగి చూడాలి, కొట్టేసిన చోట ఇటు రాకూడదు, బాణం ఎటుంటే అటు నడవాలి. బళ్ళో పిల్లలకి చెప్పినట్టు చెప్పారు కోటనంతా!

నేను తెలుసుకునేలోపే జనం తెలుసుకున్నారు. శనివారం నలభై ముగ్గురు మీ బాణాలు పట్టుకుని గోడ మొత్తం చుట్టారు. ఉత్తర కమాను దగ్గరే మూడు బాణాలున్నాయి కదా, అక్కడ అరగంట మూగి పైకి చూస్తూ నిలబడ్డారు. ఏం చూశారని అడిగితే “ఏమో, ఏదో గొప్పదే అయ్యుంటుంది” అన్నారు. చివరి బాణం, అదే పదకొండోది, పడమటి సందులో గొడుగులు బాగుచేసే అత్త కొట్టు ముందుంది. (ఆవిడ అందరికీ అత్తే.) జనం బిలబిలా లోపలికి వెళ్ళి “ఇక్కడ చూడవలసిందేమిటి?” అన్నారట. “నన్నే చూడండి” అందిట అత్త. ఆ పూట ఆరు గొడుగులు బాగుచేసింది.

“జనాన్ని నిలబడనివ్వకండి” అన్నారు, అదీ అర్థమైంది. ఒక్కచోటే నిలబడిపోతే వెనకవాళ్ళకి ఎప్పుడు చూపిస్తాం? అందుకని కాపలాదారుకి ఒక ఈల ఇచ్చాను. ఆయన జన్మలో ఇంత ఉత్సాహంగా ఉండటం నేను చూడలేదు.

మీ దగ్గర దాపరికం ఎందుకు? జనం రావట్లేదని ఈ ఏడాది చివర్లో ఆఫీసు మూసేస్తామని పైనుంచి కబురొచ్చింది. ద్వారాలకి తాళాలు, గోడ చుట్టూ ముళ్ళకంచె. మా నాన్న ఈ గోడ మీద నడిపించే నాకు నడక నేర్పాడు. దాన్ని ముళ్ళకంచెలో నుంచి చూడమంటే నావల్ల కాదు. తుమ్మితే ఊడే ముక్కులా ఉన్న మా ఆఫీసుని మీ సుద్దముక్క నిలబెట్టేటట్టుంది.

అందుకని ఈ నెల మూడో ఆదివారం “సుద్ద నడక” ప్రారంభోత్సవం పెట్టాం. మీ బాణాలు మూడున్న ఉత్తర కమాను కిందే. కుర్చీలు, బ్యాండుమేళం, రెండు పెద్ద డోళ్ళు. ముఖ్య అతిథి మీరే.

మీ ఆశీస్సులు కోరే,
అధికారిణి

తా.క.: మంగళవారం నాలుగు చినుకులు పడ్డాయి, గుర్తులు చెదరలేదు. వాన సంగతి అడిగారంటే మీ గొడుగు ఇక్కడ మరిచిపోయి ఉంటారని కాపలాదారు అంటున్నాడు. దొరికిన వస్తువుల పెట్టెలో మూడు గొడుగులు, జత లేని చెప్పులు నాలుగు, ఒక పళ్ళసెట్టు ఉన్నాయి. మీది ఏదో రాయండి.



అమ్మా,

నేను మాస్టారిని కాను. ఐదో తరగతి.

ఉత్తర కమాను కింద డోళ్ళు వద్దు. గోడ ఓర్చుకోదు.

నేను రాలేను. పదిమందిలో నోరు పెగలదు.

ఉంటాను.

తా.క.: పళ్ళు నావి కావు.

ఇంకో తా.క.: గొడుగులావిడ ఏమైనా అందా?



పూజ్యులైన మాస్టారికి,

ఐదో తరగతికి చెప్పేవారన్నమాట! అనుకున్నాను, ఆ వయసు పిల్లలకి చెప్పినవాళ్ళకే ఇంత ఓపిక ఉంటుంది. అంత చదువూ పెట్టుకుని మాస్టారిని కానంటారు. నిండు కుండ తొణకదని ఊరికే అన్నారా?

ఇక మీరు రాసిన ఆ మాట, “గోడ ఓర్చుకోదు”! నాకు కళ్ళు చెమర్చాయి. ఇన్ని వందల ఏళ్ళ నిశ్శబ్దాన్ని మోస్తున్న గోడ మన మోతల్ని ఎలా ఓర్చుకుంటుంది! ఆ మాటని మూడడుగుల చెక్క మీద ఎర్రరంగుతో రాయించి ఉత్తర కమానుకి వేలాడదీశాను. మీ మాట కాదనలేక రెండు పెద్ద డోళ్ళూ మానేసి నాలుగు చిన్నవి చెప్పాను.

ఇక్కడ ఇంకో తమాషా. మీ బాణాలకి ఇంత గిరాకీ ఉందని చూసి, టీకొట్టతను తన కొట్టువైపు ఒకటి గీసుకున్నాడు. మంగలి రెండు గీశాడు. ఇస్త్రీ అతను పోటీకి నాలుగు. ఇప్పుడు మొత్తం ముప్ఫై దాటాయి. నిన్న ఒక కుటుంబం బాణాలు పట్టుకుని మంగలి కొట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి, చివరికి ముగ్గురు క్షౌరం చేయించుకుని బయటపడింది. మా కాపలాదారు కూడా దారి తప్పాడు. ఇరవై ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు ఇక్కడ!

గొడుగుల అత్త సంగతి అడిగారు. ఆవిడ మాట ఆవిడ నోటితోనే వినండి: “ఆ ముసలాయనా? శనివారం వానలో వచ్చాడే. తడిసి ముద్దై నిలబడ్డాడు. గొడుగు ఇచ్చి మూడంటే మూడు మాటలు మాట్లాడాడు. ‘ఊచ. విరిగింది. సరే.’ నేను మా ఆయన పోయిన సంగతి దగ్గర్నుంచి మా పిల్లి ఈనిన సంగతి దాకా అన్నీ చెప్పాను. తల ఊపుతూ అన్నీ విన్నాడు. ఇంత బాగా వినేవాణ్ణి నేను చూడలేదు. సోమవారం రమ్మన్నాను, రాలేదు. నోట్లో నాలుక లేదు గానీ మనిషి మంచివాడల్లే ఉన్నాడు.” మీ గొడుగు అక్కడే భద్రంగా ఉంది, దిగులుపడకండి.

మీ శిష్యురాలిలాంటి,
అధికారిణి

తా.క.: బోర్డు కోసం కమానుకి నాలుగు మేకులు కొట్టించాం. మూడో మేకు కొడుతుంటే పైరాయి ఒకటి కాస్త కదిలి, కాపలాదారు నెత్తి మీద చారెడు సున్నం రాలింది. శుభసూచకమని మేళంవాళ్ళు అంటున్నారు.



శుక్రవారం

అమ్మాయీ,

ఇది పోస్టులో వేస్తే ఆదివారంలోగా అందదు. బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. నీ చేతికే ఇవ్వమని మూడుసార్లు చెప్పాను. నేను ఒకడికి ఒక మాట మూడుసార్లు చెప్పడం ఇదే మొదలు.

నేను బడిపంతుల్ని కాదు. చదివింది ఐదో తరగతి. రాతిగోడలు కట్టే మేస్త్రీని. నలభై ఆరేళ్ళు కట్టాను. ఇప్పుడు మానేశాను గానీ చెయ్యి మానలేదు. ఇంట్లో పొద్దస్తమానం గోడలు తడుతుంటానని మా కోడలికి విసుగు. “రెండు రోజులు గోడలు మరిచిపోయి ఎక్కడికైనా వెళ్ళి రండి మామయ్యా” అని తనే టిక్కెట్టు కొని పంపింది. ఏ ఊరికో చూసుకోలేదు. గోడ ఉన్న ఊరికే పంపింది.

కర్రతో తడితే రాయి పలుకుతుంది. ఖంగుమంటే బతికున్న రాయి, దానికి సున్నా. డొల్లగా పలికితే చచ్చిన రాయి, దానికి కొట్టివేత. బాణం అంటే గోడ అటు ఒరుగుతోందని. అటు మనిషి నిలబడకూడదని. మా పనిలో అందరికీ తెలుసు. మీకు తెలియదన్న సంగతి నాకు తట్టలేదు.

ఉత్తర కమానులో నడినెత్తి రాయి చచ్చింది. దాని పక్క రెండూ పట్టు వదిలాయి. మేకులు కొట్టారంటే ఇక చెప్పేదేముంది. డోలు పెద్దదైనా చిన్నదైనా అదురు అదురే. దాని కింద కుర్చీలు వెయ్యవద్దు. ఎవరినీ నిలబడనివ్వవద్దు.

ఆదివారం నీతో చెబుదామనే నీ ఆఫీసు కిటికీ దాకా వచ్చాను. లోపల నలుగురున్నారు. చెప్పలేక పుస్తకంలో రాసి వెళ్ళిపోయాను. అదీ సరిగ్గా రాయలేదు.

మా కోడలు పక్కన కూచుని “ఇంకా రాయండి మామయ్యా, అర్థమయ్యేటట్టు రాయండి” అంటోంది. రాస్తున్నాను. కుర్రతనంలో ఒక పెద్దాయన ప్రహరీ ఒరగడం చూశాను. ఆయనతో చెప్పడానికి నోరు రాలేదు. మూడో రోజు పడింది. నాతో పనిచేసేవాడికి కాలు పోయింది. వాడు ఇప్పటికీ నన్ను ఒక్కమాట అనడు. అంటే బాగుండును.

ఈసారి చెప్పాను. విను తల్లీ.

మేస్త్రీ

తా.క.: ఈ ఉత్తరానికి రెండు రోజులు పట్టింది. ఇంతకంటే గోడ కట్టడం తేలిక.



బాబాయి గారూ,

ఇక మాస్టారూ అనను. మాస్టారని చంపుకు తిన్నాను మిమ్మల్ని, క్షమించండి.

నా చేతికే ఇవ్వాలని డ్రైవరు శనివారమంతా నా కోసం తిరిగాడట, మీ ఉత్తరం ఆదివారం పొద్దున పదింటికి అందింది. అప్పటికే కమాను కింద నూటముప్ఫై మంది. మేళంవాళ్ళు డోళ్ళు బిగిస్తున్నారు. నేను పరుగున వెళ్ళి “లేవండి, లేవండి, గోడ పడుతుంది!” అని అరిచాను. ఒక్కడు కదల్లేదు. “ఇన్ని వందల ఏళ్ళు పడనిది ఇప్పుడు పడుతుందా?” అని ఒకాయన. “ముందు వరసలో వాళ్ళ చుట్టాల్ని కూచోబెట్టడానికే ఈ ఎత్తు” అని ఒకావిడ. కాపలాదారు ఈల వేస్తే మేళమనుకుని చప్పట్లు కొట్టారు.

అప్పుడు మెరిసింది నాకు. ఈ జనం మాట వినరు గానీ బాణం వింటారు కదా! కాపలాదారు జేబులోంచి సుద్ద లాక్కుని (ఆయన దగ్గర ఎందుకుందో తర్వాత అడుగుతాను), వాళ్ళ కళ్ళముందే నేల మీద ఊరి నడిమి చౌకువైపు ఇంత పొడుగు బాణం గీశాను. అంతే! నూటముప్ఫై మందీ కుర్చీలు ఎత్తుకుని మరీ బయల్దేరారు. మేళం వెనకాలే వెళ్ళింది. ప్రారంభోత్సవం చౌకులో జరిగింది, బ్రహ్మాండంగా.

మంగళవారం మిట్టమధ్యాహ్నం ఉత్తర కమాను పడింది. పదిహేడు రాళ్ళు. కింద ఒక్క పురుగు లేదు. మేళంవాళ్ళు మరిచిపోయిన డోలు ఒకటి మాత్రం అప్పడమైంది. చప్పుడు విని వెళ్ళి ఆ రాళ్ళగుట్ట ముందు కూలబడిపోయాను బాబాయి గారూ. ఆదివారం నేను కూచోవలసిన కుర్చీ ఆ పెద్ద రాయి కిందే వేశారు. కాసేపు ఏడ్చాను. తర్వాత కాపలాదారు టీ తెచ్చాడు. ఇరవై ఏళ్ళలో ఆయన నాకు టీ తేవడం మొదటిసారి.

ఇక వినండి. పైవాళ్ళు బుధవారం పరిగెత్తుకొచ్చారు. నా ఉద్యోగానికి నీళ్ళొదులుకున్నట్టే అనుకున్నాను. రాళ్ళగుట్ట మీద మన బోర్డు చెక్కుచెదరకుండా వెల్లకిలా పడి ఉంది: “గోడ ఓర్చుకోదు.” పెద్ద దొరగారు దాన్ని రెండుసార్లు చదివి “ముందే హెచ్చరిక బోర్డు పెట్టారన్నమాట! ఇదీ బాధ్యత అంటే” అని నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. నేను కాదనలేదు. మీ దగ్గరే నేర్చుకున్నాను, కొన్నిచోట్ల నోరు పెగలకపోవడమే మంచిది. ఆఫీసు మూయరట! గోడ మొత్తం బాగుచేయిస్తారట!

ఇంజనీరు దారానికి గుండు కట్టి వేలాడదీసి మీ బాణాలన్నీ కొలిచాడు. పడిన కమాను కాళ్ళ మీద నిలిచి ఉన్న మూడింటితో సహా పదీ వేలెడు తేడా లేకుండా సరిపోయాయట. “ఈయన్ని పిలిపించండి, మా కుర్రమేస్త్రీలకి రాయి తట్టడం నేర్పాలి” అన్నాడు. శని ఆదివారాలు వస్తే చాలు. ఎక్కువ మాట్లాడనక్కర్లేదు, తట్టి చూపిస్తే చాలని చెప్పాను.

పదకొండో బాణం దగ్గర మాత్రం ఇంజనీరు తల గోక్కున్నాడు. అక్కడ గోడ గుంజ పాతినట్టు నిటారుగా ఉందట. “మేస్త్రీ ఇక్కడ పొరబడ్డాడు” అన్నాడు. “మా బాబాయి పొరబడడు, మీ గుండే వంకర” అని కయ్యానికి దిగాను. నన్ను గెలిపించండి.

మీ అమ్మాయి

తా.క.: కాపలాదారు జేబులో సుద్ద సంగతి తేలింది. మంగలికి బాణాలు గీసిపెట్టింది ఆయనే. బదులుగా నెలంతా గడ్డం ఉచితం. ఎందుకింత నున్నగా ఉన్నాడా అనుకున్నాను.



అమ్మాయీ,

ఎవరికీ ఏమీ కాలేదన్నావు. కోడలు చదివి వినిపించింది. రెండోసారి నేను చదువుకున్నాను. తర్వాత ఆ కాలు పోయినవాడి ఇంటికి వెళ్ళి చదివాను. వాడు నవ్వాడు.

వస్తాను. శనివారాలు.

ఇంజనీరు చెప్పింది నిజం. పదకొండోది గోడది కాదు. ఆ సందులన్నీ ఒకేలా ఉన్నాయి. ఆదివారం మళ్ళీ దారి తెలియాలని గీసుకున్నాను. వెళ్ళేసరికి కొట్టు మూసి ఉంది. సాయంత్రం బస్సు.

దాన్ని తుడిచెయ్యి. ఆవిడతో చెప్పకు.

మేస్త్రీ

తా.క.: ఇది కోడలికి చూపించకుండా రాశాను.

ఇంకో తా.క.: చూసేసింది. నవ్వుతోంది.



బాబాయి గారూ,

చెప్పకు అన్నారు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు, మీకు తెలియక రాశారు. అయినా ఒట్టు, నేను చెప్పలేదు. చెప్పే అవసరమే రాలేదు.

పోయిన వారం మూడు పెద్ద వానలు పడ్డాయి. టీకొట్టు బాణం, మంగలివి, ఇస్త్రీ అతనివి, అన్నీ కొట్టుకుపోయాయి. మీవి పదీ కూడా పోయాయి. ఇంజనీరు ముందే రంగుతో గీయించాడు కాబట్టి సరిపోయింది. పదకొండోదీ పోయే ఉంటుందిలే, తుడిచే పని తప్పిందనుకుంటూ పడమటి సందుకి వెళ్ళాను.

ఉంది. ఇప్పుడే గీసినట్టు ఉంది.

సరే, మీరు చెప్పారని తుడిచాను. మర్నాడు వెళితే మళ్ళీ ఉంది! రెండోసారి తుడిచాను. మళ్ళీ ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే, మీది తెల్ల సుద్ద కదా, ఇది నీలం. గొడుగు గుడ్డ కత్తిరించే ముందు గీత గీసుకుంటారే, ఆ సుద్ద.

కాపలాదారుని మాటు కాయమన్నాను. ఆయన నిద్రపోలేదు, నా మీద ఒట్టు. పొద్దున్నే అత్త తలుపు తీసి, అటూ ఇటూ చూసి, చీరకొంగుతో పాతగీత తుడిచి, బాణం కొత్తగా గీసి, కాస్త వెనక్కి నడిచి వంకరుందేమో చూసుకుని లోపలికి వెళ్ళిందట. మొదటి వాన పడ్డ రోజు నుంచీ ఇదే వరస అని పక్కకొట్టువాళ్ళు చెప్పారు. “ఏమత్తా, ఈ వయసులో గోడల మీద గీతలా?” అని అడిగేశాను. “నోరు ముయ్యవే, గిరాకీ కోసం” అంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. తర్వాత నా చేతిలో కలం లాక్కుని “ఇంకా కాస్త చోటుందిగా” అంది. కింద తా.క. ఆవిడది.

వచ్చే శనివారం పొద్దున బస్సు దిగగానే కాపలాదారు ఉంటాడు. దారి చూపించడానికి కాదు లెండి. దారి మీకు తెలుసు.

మీ అమ్మాయి

తా.క.: మేస్త్రీ గారికి గొడుగులావిడ రాయునది. ఆ శనివారం వాన వెలిశాక తడిబట్టలతోనే నా గోడ మీద మీరు బాణం గీస్తుంటే కిటికీలోంచి చూశాను. పిచ్చివాడనుకున్నాను. ఆదివారం మా చెల్లెలింటికి పోయి వచ్చేసరికి, మూసిన తలుపు ముందు మెట్టు మీద మనిషి కూచున్నంత మేర సుద్దపొడి ఉంది. అప్పుడర్థమైంది. మీ గొడుగు ఊచ ఎప్పుడో బాగయింది, అయినా ఎవరిచేతా పంపను. ఈమధ్య ఆదివారం కూడా కొట్టు తీస్తున్నాను. ఈసారి వచ్చేటప్పుడు నాలుగో మాట కూడా తెచ్చుకోండి.